దుప్పటి తీసి చూడండి

ఆ మధ్య ఒక శనివారం రాత్రి నా చిన్ననాటి స్నేహితుడు అమెరికా నుంచి ఫోను చేశాడు. వాళ్ళమ్మగారికి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పట్టు తప్పాయి. ఇంట్లో చూసేవాళ్ళు లేక ఆవిడను అమీర్‌పేటలో ఒక వృద్ధాశ్రమంలో చేర్చి ఏడు నెలలైంది.

"రోజూ ఫోనులో కెమెరా తెరిచి చూస్తూనే ఉన్నానురా. గది అద్దంలా ఉంటుంది. అమ్మ మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంటుంది. కానీ నాలుగు రోజులుగా నన్ను గుర్తుపట్టడం లేదు. ఎనభై ఏళ్ళు దాటాయి కదా, మతిమరుపు మొదలైందంటున్నారు వాళ్ళు. ఒక్కసారి వెళ్ళి చూసి రారా" అన్నాడు.

మరునాడు వెళ్ళాను. అమీర్‌పేట మెట్రో స్టేషను దిగి, పంజాగుట్టకు పోయే పెద్ద రోడ్డు వదిలి, హాస్టళ్ళ బోర్డులూ కోచింగు సెంటర్ల బోర్డులూ వేలాడే సందులోకి తిరిగితే మూడంతస్తుల మేడ. లిఫ్టు ఉంది. ఏసీ ఉంది. నేల మీద ఈగ వాలితే జారిపడేటంత నునుపు. నా స్నేహితుడు చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు.

పెద్దావిడ కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతున్నారు. నాలుక ఎండిపోయి ఉంది. ఆయాను సాయం పట్టమని, ఆవిడను మెల్లగా పక్కకు తిప్పించి చూశాను. నడుం కింద, వెన్నెముక చివర, అరచేతిలో సగం మేర పుండు. చర్మం పోయి లోపలి కొవ్వు కనిపిస్తోంది. మడమలు రెండూ నల్లబడి ఉన్నాయి. మంచం పక్క బల్ల మీద నీళ్ళ గ్లాసు నిండుగా ఉంది. అయితే ఆ బల్ల ఆవిడకు చెయ్యాడని ఎడమ వైపున ఉంది!

కెమెరాకు దుప్పటి కనిపిస్తుంది. దుప్పటి కింద ఏముందో కనిపించదు. ఈ వారం మీతో మాట్లాడదలచింది ఇదే.

ఎవరిది తప్పు?

ఆశ్రమం మేనేజరు నొచ్చుకున్నాడు. "డాక్టరుగారూ, మేం చేసిన లోటేమిటి? వేళకు తిండి పెడుతున్నాం, బట్టలు మారుస్తున్నాం, మాత్రలు వేస్తున్నాం" అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాడు. నేను ఆయన్ని ఒకే ఒక ప్రశ్న అడిగాను: "రాత్రిపూట ఎంతమంది ఆయాలుంటారు?"

ఇద్దరట. ఉన్నవాళ్ళు పద్నాలుగు మంది. అందులో ఆరుగురు తమంతట తాము పక్కకు ఒత్తిగిలలేనివాళ్ళు.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. మంచాన పడినవారిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు దాకా అయిదు సార్లు. ఆరుగురికి కలిపి ముప్ఫై సార్లు. తడి చూసి, బట్ట మార్చి, దిండ్లు సర్ది తిప్పడానికి ఇద్దరు మనుషులకు పది నిమిషాలు పడుతుంది. అంటే అయిదు గంటలు ఇద్దరూ ఆ పనే చేయాలి. ఆ అయిదు గంటల్లో తక్కిన ఎనిమిది మందిలో ఎవరైనా బాత్‌రూముకు లేస్తే పట్టుకునే దిక్కు లేదు. అందువల్ల ఏమవుతుంది? పక్క మార్చడం మానేస్తారు. లేచేవాళ్ళకు డైపరు కట్టి, నిద్రమాత్ర వేసి పడుకోబెడతారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాకుండానే చెడు జరిగిపోతుంది.

మా ప్రభుత్వాసుపత్రుల వార్డులు దీనికి మినహాయింపని నేను చెప్పను. చేతులు చాలని చోట ఎక్కడైనా ఇంతే.

అమీర్‌పేటలో పెరుగుతున్న ముసలితనం

పాతికేళ్ళ కిందట, వై టూ కె గడబిడ రోజుల్లో, మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని ఎంతమంది మన పిల్లలు సముద్రాలు దాటారో మీకు తెలుసు. ఆ పిల్లలకిప్పుడు యాభై ఏళ్ళు వస్తున్నాయి. వాళ్ళ అమ్మానాన్నలకు ఎనభై. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్లకు పైగా ఉన్నారు. పంజాగుట్టలో నిమ్స్ దగ్గరగా ఉందన్న ధైర్యంతో ఈ చుట్టుపక్కల ఆశ్రమాలు వెతుక్కునేవాళ్ళు చాలామంది.

తల్లిదండ్రుల్ని ఆశ్రమంలో చేర్చడం పాపమా అని నన్ను అడిగేవాళ్ళున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో, మూడో అంతస్తు ఫ్లాటులో, మంచాన పడిన పెద్దావిడను ఒంటరిగా వదిలి తాళం వేసుకుపోవడం కంటే మంచి ఆశ్రమం నయమే. చేర్చిన తరువాత "డబ్బు కడుతున్నాం కదా" అని చూడటం మానేస్తేనే చిక్కు.

మంచి ఆశ్రమమంటే ఏది?

వృద్ధుల వైద్యం ఎలా పుట్టిందో తెలుసుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకు పక్కనే ఉన్న పేదల శరణాలయం వార్డులు అప్పగించారు. ఏడువందలకు పైగా మంచాలు. ఏళ్ళ తరబడి వాటి మీదే ఉండిపోయిన ముసలివాళ్ళు. ఆవిడ కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఒక్కొక్కరినీ విడిగా పరీక్ష చేసింది. ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు లేవగలరో విడదీసింది. వార్డుల్లో వెలుతురు పెంచింది. మంచాల మీది నుంచి దించి నడిపించింది. ఇక లేవరనుకున్నవాళ్ళలో చాలామంది లేచారు, కొందరు ఇళ్ళకు కూడా పోయారు.

మన దేశంలో ఆ దారి వేసినవారు డాక్టర్ వి. ఎస్. నటరాజన్. 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టారు.

వీళ్ళు నేర్పిన పాఠం ఒకటే. ముసలితనం వేరు, జబ్బు వేరు. "వయసైపోయింది" అన్న మాట రోగనిర్ణయం కాదు. ఈ సంగతి తెలిసిన చోటు మంచి ఆశ్రమం. పాలరాయి లేకపోయినా ఫరవాలేదు.

ఇక ఒక్కొక్క విషయమే చూద్దాం.

పడకపుండు

ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం ఆడకపోతే పుండు పడుతుంది. ఇది కొన్ని గంటల్లోనే మొదలు కాగలదు. వెన్నెముక చివర, తుంటి పక్కలు, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం, చెవులు దీనికి అనువైన చోట్లు. మొదటి గుర్తు ఎరుపు. వేలితో నొక్కి తీస్తే మామూలు ఎరుపు పాలిపోయి మళ్ళీ వస్తుంది. పాలిపోకుండా అలాగే ఉంటే పుండు మొదలైందన్నమాట. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు తెలియదు. ఆ చోటు ముదురు రంగులోకి మారి, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది.

1962లో బ్రిటన్‌లో డొరీన్ నార్టన్ అనే నర్సు తన సహచరులతో కలిసి ఈ విషయం మీద చేసిన పరిశోధన వెలువడింది. పుండ్లను ఆపేది లేపనాలు కాదనీ, వేళకు పక్క మార్చడమనీ వాళ్ళు తేల్చారు. కమిలిన చోట స్పిరిటు రాయడం, గట్టిగా మర్దనా చేయడం మంచిది కాదు. గుండ్రటి ట్యూబు దిండు మీద కూర్చోబెట్టడం ఒకప్పుడు మేమే చెప్పేవాళ్ళం, ఇప్పుడు వద్దంటున్నాం. దాని అంచులే రక్తాన్ని ఆపుతాయి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. మనిషిని పరుపు మీద ఈడ్చకూడదు, ఎత్తి జరపాలి. గాలి పరుపు మంచిదే, కానీ అది ఉందని పక్క మార్చడం మానకూడదు.

నీళ్ళు

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. పైగా "నీళ్ళు తాగితే మాటిమాటికీ ఆయాను పిలవాలి" అని పెద్దలే మొహమాటపడి తాగరు. పక్క తడుస్తుందని ఆయాలు కూడా ఇవ్వరు. దాంతో మలబద్ధకం వస్తుంది, మూత్రంలో చీము పడుతుంది, మనిషి మగతగా అయిపోతాడు. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల డాక్టరు తగ్గించమంటే తప్ప, రోజు మొత్తం మీద నీళ్ళు, మజ్జిగ, పాలు, చారు అన్నీ కలిపి లీటరున్నర దాకా లోపలికి పోవాలి. గ్లాసు పని చేసే చేతి వైపు పెట్టాలి. గంటగంటకూ నాలుగు గుక్కలు తాగించాలి. మూత్రం చిక్కటి పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

నాలుగు రోజుల్లో వచ్చిన మతిమరుపు

ఇది అందరూ గుర్తుంచుకోవాలి. అసలైన మతిమరుపు జబ్బు సాధారణంగా నెలల మీద, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. నిన్నటిదాకా బాగా ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లో తికమకపడితే, పగలు నిద్రపోయి రాత్రి కేకలు పెడితే, లోపల ఏదో జబ్బు ఉందన్నమాట. మూత్రంలో చీము కావచ్చు, న్యుమోనియా కావచ్చు, రక్తంలో సోడియం తగ్గడం కావచ్చు, షుగరు పడిపోవడం కావచ్చు, కొత్తగా వేసిన మాత్ర కావచ్చు. పెద్దవాళ్ళలో ఒక్కోసారి జ్వరం కూడా రాదు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. చాదస్తమని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నా స్నేహితుడి తల్లిగారిని ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్పించాం. మూత్రంలో చీము ఉంది, సోడియం బాగా తగ్గింది. రక్తపోటుకు వాడే మాత్రల్లో నీరు లాగేసేది ఒకటుంది. రాత్రిపూట నిద్రమాత్ర కూడా వేస్తున్నారు. చికిత్స మొదలైన అయిదో రోజున నన్ను చూసి, "మీ అమ్మ బాగుందా నాయనా?" అని అడిగారు. ఆవిడకు మతిమరుపు లేదు.

మాత్రల లెక్క

ఒక్కొక్క డాక్టరు ఒక్కొక్కటి రాస్తారు, ఆపమని ఎవరూ చెప్పరు. పది రకాల మాత్రలు మింగే పెద్దలు ఎంతోమంది. మూడు నెలలకొకసారి అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టండి. "ఇందులో తీసేయగలిగినవి ఏమిటి?" అని అడగండి. అయితే మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. ముఖ్యంగా నిద్రమాత్రల గురించి అడగండి. రాత్రి మగతలో లేచి పడి తుంటి ఎముక విరిగినవాళ్ళు లెక్కలేనంత మంది. విరిగితే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను జరగడం మంచిది. ఎంత ఆలస్యమైతే అంత ప్రమాదం.

మంచం దిగాలి

2007లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజుల పాటు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వాళ్ళ కాళ్ళ కండ సుమారు కిలో తగ్గింది! ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే అలా అయితే, నెలల తరబడి పడుకోబెట్టినవాళ్ళ సంగతి చెప్పాలా? డాక్టరు వద్దంటే తప్ప, రోజుకు మూడుసార్లయినా మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టాలి. నిలబడగలిగినవాళ్ళను పట్టుకుని నిలబెట్టాలి. పది అడుగులు వేయగలిగితే వేయించాలి. బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీలు, జారని నేల, రాత్రి చిన్న దీపం ఉండాలి. కుర్చీలో కూడా ఒకే తీరుగా గంటల తరబడి వదలకూడదు. అక్కడా పుండ్లు పడతాయి.

తిండి, కళ్ళజోడు, చెవులు

పడుకుని ఉండగా నోట్లో ముద్ద పెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి మెల్లగా తినిపించాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. తింటుంటే దగ్గు వస్తోందంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో డాక్టరుకు చూపించాలి. నెలకొకసారి బరువు తూచి రాయాలి. నెలలో ఇరవయ్యో వంతు, అంటే యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే ఊరుకోకూడదు. పప్పు, పెరుగు, తినేవాళ్ళకు గుడ్డు తప్పకుండా ఉండాలి.

కట్టుడుపళ్ళు రాత్రి తీసి కడిగి నీళ్ళలో ఉంచాలి. కళ్ళజోడు సొరుగులో ఉంటే మనిషి సగం లోకానికి దూరమవుతాడు. చెవుల్లో గులిమి పేరుకున్నందుకే "మాట వినిపించుకోవడం లేదు" అనిపించుకున్న తాతగార్లను నేను చూశాను.

ఆయాను మరవకండి

ఆశ్రమంలో మీ అమ్మగారిని ముట్టుకునే చేతులు డాక్టరువి కావు, మేనేజరువీ కావు, ఆయావి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, తన పిల్లల్ని ఎక్కడో వదిలి వచ్చిన మనిషి ఆవిడ. "ఏమ్మా, మా అమ్మ ఎలా ఉంది? నీకు కష్టంగా ఉన్నది ఏమిటి?" అని అడగండి. మేనేజరు చెప్పనివి ఆవిడ చెబుతుంది. ఆయాలకు పక్క మార్చడం, తినిపించడం, ఎత్తడం ఎవరు నేర్పారో అడగండి. నెలనెలా ఆయాలు మారిపోయే ఆశ్రమంలో పెద్దలు కుదుటపడరు.

మీరు వెళ్ళినప్పుడు

ముందుగా చెప్పకుండా వెళ్ళండి. వేళలు మార్చి వెళ్ళండి. ఒకసారి భోజనం వేళ, ఒకసారి రాత్రి ఎనిమిదికి. వెళ్ళినప్పుడల్లా ఇవి చూడండి:

1. ఆయా సాయంతో దుప్పటి తీసి నడుం కింద, తుంటి పక్కలు, మడమలు చూడండి. పెద్దవాళ్ళ మర్యాద కాపాడండి. తలుపు వేసి, వాళ్ళను అడిగి చూడండి.

2. నాలుక తడిగా ఉందా? గ్లాసు చేతికి అందుతుందా?

3. పక్క మార్చిన వేళలు రాసే కాగితం గోడ మీద ఉందా? అన్ని గడులూ ఒకే సిరాతో ఒకేసారి నింపినట్టుంటే జాగ్రత్త పడండి.

4. పిలుపు గంట నొక్కండి. ఎంతసేపటికి వస్తారో చూడండి.

5. మీ వాళ్ళను పేరుతోనో, అమ్మమ్మా, తాతయ్యా అనో పిలుస్తున్నారా, గది నంబరుతో పిలుస్తున్నారా?

6. ఒంటి మీద కమిలిన మచ్చలు, కట్టిన గుర్తులు ఉన్నాయా? మీరు అడిగిన దానికి పెద్దవాళ్ళు ఆయా ముఖం చూసి జవాబు చెబుతున్నారా?

విదేశాల్లో ఉన్న పిల్లలు ఈ పనిని ఊళ్ళో ఉన్న ఒక బంధువుకో, స్నేహితుడికో నెలకు రెండుసార్లయినా అప్పగించాలి. కెమెరా చాలదు.

చట్టం మాటేమిటి?

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. 2020 జనవరిలో మన నగర శివార్లలో నాగారంలోని ఒక ఆశ్రమంలో మనుషులను గొలుసులతో కట్టి ఉంచిన సంగతి బయటపడి పోలీసులు వాళ్ళను విడిపించారు. అటువంటివి కంటపడితే ఊరుకోకండి. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. ఆ సేవ మొదట 2017లో హైదరాబాద్‌లోనే మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది. అయితే ముందుగా మేనేజరుతో నెమ్మదిగా మాట్లాడండి. చాలా లోపాలు చెబితే దిద్దుకునేవే.

మా పెద్దావిడ విషయంలో అదే జరిగింది. ఆసుపత్రి నుంచి ఆవిడ మళ్ళీ ఆ ఆశ్రమానికే వెళ్ళారు. నా స్నేహితుడూ, తక్కిన అయిదుగురి పిల్లలూ ఫోనులో మాట్లాడుకుని, నెలకు కొంత కలిపి ఇచ్చి రాత్రికి మూడో ఆయాను పెట్టించారు. గోడ మీదికి వేళల కాగితం వచ్చింది. బల్ల కుడివైపుకు జరిగింది. నిద్రమాత్ర పోయింది. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. పక్క మార్చి ఉంటే అసలు పడకపోను.

ఇప్పుడావిడ ఇద్దరి సాయంతో కుర్చీలోకి దిగి, కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతున్నారు. మొన్న నేను వెళితే, "మావాడు రోజూ ఫోనులో చూస్తాడు నాయనా, కానీ నువ్వు వచ్చి చూశావు" అన్నారు.

మీ పెద్దలెవరైనా ఆశ్రమంలో ఉంటే ఈ ఆదివారం వెళ్ళండి. పళ్ళు పట్టుకెళ్ళకపోయినా ఫరవాలేదు. దుప్పటి తీసి చూడండి.